ఒకే పేరు కింద ఎన్ని పురుగులు?

జన్యువాది: విశాఖపట్నం రేవు అడుగు బురద మీద ఎ.వి. రామన్, పి.ఎన్. గణపతి గార్లు 1983లో 'మెరైన్ పొల్యూషన్ బులెటిన్'లో రాసిన వ్యాసం మన తీరంలో కాలుష్యం మీద పనిచేసేవాళ్లకి పునాది లాంటిది. మురుగు బాగా చేరే చోట తక్కిన పురుగులు తగ్గిపోయి కాపిటెల్లా కాపిటాటా విపరీతంగా పెరుగుతుందని అందులో చూపించారు. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1780లో ఒట్టో ఫాబ్రీషియస్ గ్రీన్లాండ్ తీరంలో దొరికిన ఒక పురుగుని వానపాముల ప్రజాతిలో వేసి 'లంబ్రికస్ కాపిటాటస్' అన్నాడు. తర్వాత ప్రజాతి మారింది, ఆ పేరు ప్రపంచమంతా తిరిగింది. గడ్డకట్టే నీళ్లలో బతికే పురుగూ, మన వెచ్చటి రేవులో బతికే పురుగూ ఒకటే జాతి అని ఇన్నేళ్లుగా రాసుకుంటూ వస్తున్నాం. ఎందుకంటే రెండూ చూడ్డానికి ఎర్రటి దారప్పోగుల్లా ఉంటాయి, ముందు ఖండాల మీద శూకాల వరస ఒకేలా కనిపిస్తుంది. నేనడిగేది ఇదే. కంటికి కనబడే పోలిక ఎంతవరకూ సాక్ష్యం? జన్యువుల్ని అడిగితే వేరే జవాబు వస్తున్నప్పుడు పాత పేరుని ఇంకా ఎందుకు మోయాలి?

క్షేత్రవాది: మోయమని నేను అనను మాస్టారూ. ఆ వ్యాసం చెప్పిన నిజం ఎక్కడుందో చూడండి. దాని బలం పేరులో లేదు, లెక్కలో ఉంది. గ్రాబ్ దించి బురద తీశారు, జల్లెడ పట్టారు, ఏ రకం పురుగులు ఎన్ని వచ్చాయో ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. రేవు చెడిపోయిందన్న తీర్పుకి ఆ లెక్క చాలు. గ్రీన్లాండ్ పురుగుతో మన పురుగుకి చుట్టరికం ఉన్నా లేకపోయినా రేవు చెడిపోయే ఉంది. బయటి దేశాల్లోనూ ఇదే పద్ధతి. స్పెయిన్‌లోని బాస్క్ తీరంలో ఏంజెల్ బోర్హా బృందం 2000లో తయారుచేసిన 'ఆంబి' సూచీ అడుగు జీవుల్ని ఐదు వర్గాలుగా విడదీస్తుంది. శుభ్రమైన చోట మాత్రమే బతికేవి మొదటి వర్గం, కుళ్లు పెరిగేకొద్దీ పెరిగేవి ఐదో వర్గం. కాపిటెల్లా ఐదో వర్గంలో ఉంది. ఐరోపాలో చాలా తీరాల ఆరోగ్యాన్ని ఈ లెక్కతోనే కొలుస్తున్నారు. పనిచేస్తున్న కొలతని విడగొట్టాలంటే, విడగొట్టి ఏం తెలుసుకుంటామో ముందు చెప్పాలి.

జన్యువాది: అది చెప్పడానికి నేను 1969కి వెళ్లాలి. ఆ సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ తీరాన, వెస్ట్ ఫాల్మత్ దగ్గర 'ఫ్లోరిడా' అనే బార్జ్ రాళ్లెక్కి, దాదాపు 7 లక్షల లీటర్ల ఇంధన నూనె నీళ్లలో కలిసింది. వుడ్స్ హోల్ పరిశోధన కేంద్రం ఆ పక్కనే. అక్కడి శాస్త్రవేత్తలకి నూనె పడిన బురదని మొదటి రోజుల నుంచీ గమనించే అవకాశం దొరికింది. అడుగున ఉన్న జీవులు చాలావరకు చచ్చిపోయాక, ఖాళీ అయిన చోట కాపిటెల్లా ఉప్పొంగింది. నువ్వు చెప్పిన ఐదో వర్గం లక్షణమే అది. జుడిత్ గ్రాసెల్, ఫ్రెడ్ గ్రాసెల్ దంపతులు ఆ పురుగుల ఎంజైముల్ని జెల్ మీద విద్యుత్తుతో నడిపించి చూశారు. డీఎన్‌ఏ అక్షరాలు చదివే పద్ధతి అప్పటికింకా వాడుకలోకి రాలేదు. ఒకటే జాతి అయి, తమలో తాము జతకడుతూ ఉంటే, ఎంజైముల రూపాలు కలగలిసి కనబడాలి. అలా కనబడలేదు. ఒక గుంపు రూపాలు ఒక గుంపువే, ఇంకో గుంపువి ఇంకో గుంపువే. ఒక్క జాతి అనుకున్నది ఆరు జాతులని 1976లో 'సైన్స్' పత్రికలో రాశారు.

ఆ ఆరింటి జీవితాలు చూడు. గుడ్ల సైజు వేరు. పిల్లల్ని కనే కాలం వేరు. ఒక దాని డింభకాలు నీళ్లలో తేలుతూ, తింటూ రోజుల తరబడి తిరుగుతాయి. ఇంకో దాని డింభకాలు ఏమీ తినకుండానే తొందరగా అడుగుకి దిగిపోతాయి. మరో దానిలో తల్లి గొట్టం నుంచే నేరుగా బుల్లి పురుగులు బయటికొస్తాయి. నూనె పడిన చోటుకి ఏది ముందు చేరుతుంది, ఏది అక్కడే నిలిచిపోతుంది అన్నది దీన్నిబట్టే ఉంటుంది కదా!

పోనీ, అన్నిటికీ కుళ్లు ఇష్టమేనని సరిపెట్టుకుందామా? ఓల్గా హార్ట్‌మన్ 1947లో పేరు పెట్టిన కాపిటెల్లా ఓవింకోలా కాలిఫోర్నియా తీరంలో స్క్విడ్ గుడ్ల సంచుల మధ్య బతుకుతుంది. గ్రీసులో మిలోస్ దీవి దగ్గర, సముద్రపు అడుగు నుంచి వేడినీళ్లూ సల్ఫైడూ ఉబికే చోట మరో కాపిటెల్లా ఉంది. ఫ్లోరాంథీన్ అనే హైడ్రోకార్బన్ కలిపిన బురదలో పెంచి చూస్తే ఈ తోబుట్టువు జాతులు ఒకేలా తట్టుకోలేదు. నీ సూచీ వీటన్నిటికీ ఒకటే మార్కు వేస్తోంది. రేవులో నిన్న ఒక జాతి ఉండి, ఇవాళ దాని చోట్లోకి ఇంకో జాతి వచ్చినా నీ రిజిస్టర్లో అంకె మారదు. మారనిది చూసి నువ్వు 'పరిస్థితి స్థిరంగా ఉంది' అని రాస్తావు.

క్షేత్రవాది: చివరి మాట నన్ను నిజంగా ఇబ్బంది పెడుతోంది, దాన్ని పక్కన పెట్టను. కానీ గ్రాసెల్ దంపతుల పనిని మీరు ఇవాళ్టి పనికి మద్దతుగా చూపిస్తుంటే ఒక తేడా చెప్పాలి. వాళ్లు ఎంజైములతో ఆగిపోలేదు. గుడ్లు చూశారు, డింభకాలు చూశారు, ఏ పురుగు ఎప్పుడు పిల్లల్ని కంటుందో చూశారు. పురుగుతో కలిసి బతికి చెప్పిన మాట అది. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పురుగు తోకలోంచి చిన్న ముక్క కోసి, మైటోకాండ్రియాలోని ఒక్క జన్యువులో 650 చిల్లర అక్షరాలు చదివి, ఇన్ని శాతం తేడా ఉంది కాబట్టి వేరే జాతి అంటున్నారు. పాల్ హీబర్ట్ 2003లో బార్‌కోడ్ ఆలోచన ముందుకు తెచ్చినప్పటి నుంచీ ఈ వేగం పెరిగింది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. తండ్రి వైపు కథ అందులో ఉండదు. రెండు తీరాల పురుగులు కొన్ని వేల ఏళ్లు కలవకుండా ఉండి, రేపు ఎదురుపడితే చక్కగా జతకట్టేవి కావచ్చు. వాటి మధ్య కూడా ఆ జన్యువులో తేడా పేరుకుంటుంది. జీత్ సుకుమారన్, లేసీ నోల్స్ 2017లో చూపించింది ఇదేగా? జాతుల్ని విడదీయడానికి బాగా వాడుకలో ఉన్న గణిత పద్ధతి ఒకటి, చాలాసార్లు జాతుల బదులు ఒకే జాతిలోని విడివిడి జనాభాల్ని పట్టుకుంటోందని. మీరు మరుగున ఉన్న జాతుల్ని వెలికితీస్తున్నారా, మామూలు దూరాలకి జాతి హోదా ఇస్తున్నారా అన్నది బయట ఉన్న నాకెలా తెలుస్తుంది?

జన్యువాది: ఒక్క జన్యువు మీద జాతి కట్టడం తప్పే. ఒప్పుకుంటున్నాను. అలాంటి వ్యాసాలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. కాపిటెల్లా లాంటి శూకాల పురుగుల్ని పాలికీట్లు అంటాం కదా, వాటిలో ఇంకో చిక్కు కూడా ఉంది. 1994 నుంచి అందరూ వాడుతున్న ప్రైమర్లు, అంటే చదవాల్సిన జన్యువుని పట్టుకునే చిన్న ముక్కలు, వీటిలో చాలావాటి మీద పనిచేయవు, చాలా నమూనాల్లో ఫలితమే రాక మిగతావాటితో బొమ్మ గీయాల్సి వస్తుంది. కాబట్టి కేంద్రకంలోని జన్యువుల్నీ చదవాలి, రెండు కథలూ ఒకటే చెబుతున్నాయా అని చూడాలి. చెప్పకపోతే ఆగాలి. కానీ 'జన్యువులు ముక్కలు చేయడానికే వస్తాయి' అన్న నీ అనుమానానికి ఒక జవాబుంది. ముళ్లలాంటి శూకాలు గుచ్చి మంట పుట్టించే నిప్పు పురుగులు తెలుసుగా? వాటిలో హెర్మోడిస్ కరుంక్యులేటా అని ఒకటి అట్లాంటిక్ మహాసముద్రానికి రెండు వైపులా, మధ్యధరాలోనూ ఉంటుంది. మొప్పల తీరు చూసి, మధ్యధరా వైపుది వేరే జాతి అని వాదించినవాళ్లున్నారు. 2013లో జన్యువులు చదివితే అటూ ఇటూ కలిసిపోయి వచ్చాయి. ఒక్కటే జాతి. కన్ను విడదీసినదాన్ని జన్యువు కలిపింది. దాని దగ్గరి బంధువు యూరితో కంప్లనాటాలో 2010లో సరిగ్గా తిరగబడిన ఫలితం వచ్చింది. ప్రపంచమంతా ఉన్న ఒకే జాతి అనుకున్నది కనీసం మూడు. ముందే ఒక సమాధానం మనసులో పెట్టుకుని అడిగే పరీక్ష అయితే ఇలా రెండు రకాల జవాబులూ రావు.

క్షేత్రవాది: హెర్మోడిస్ సంగతి మంచి సాక్ష్యం. ఆ ఒక్క ఉదాహరణ నా అనుమానంలో సగం తీర్చింది. మిగతా సగం కన్ను మీద మీరు వేస్తున్న నింద గురించి. తప్పు కంటిదా, పుస్తకానిదా? 1921లో రోలండ్ సదర్న్ చిలికా సరస్సు పురుగుల మీద రాస్తూ మార్ఫైసా గ్రేవ్లియి అని కొత్త జాతికి పేరు పెట్టాడు. ఆయన దగ్గర డీఎన్‌ఏ లేదు. మైక్రోస్కోపూ ఓపికా ఉన్నాయి. ఇది ఐరోపా పురుగు కాదు, ఈ ఉప్పుకయ్యది అని కనిపెట్టాడు. ఆ తర్వాత ఏమైంది? 1953లో పియర్ ఫావెల్ మన దేశపు పాలికీట్ల మీద రాసిన పెద్ద పుస్తకం ప్రతి ప్రయోగశాలకీ చేరింది. అందులో ఐరోపా పేర్లు బోలెడు. మన తీరంలో ఏ పురుగు దొరికినా ఆ గుర్తింపు పట్టికలో పెట్టి, ఎక్కడికి చేరితే ఆ పేరు రాసేయడం అలవాటైంది. దక్షిణాఫ్రికా పురుగుల మీద జాన్ డే 1967లో రాసిన పుస్తకంతో కూడా ఇదే జరిగింది. మార్ఫైసా సాంగ్వినియా అన్న పేరు చూడండి. 1813లో ఇంగ్లండ్‌లోని డెవాన్ తీరపు పురుగుకి మాంటేగు పెట్టిన పేరది. ఆస్ట్రేలియా నుంచీ దక్షిణాఫ్రికా నుంచీ ఆసియా నుంచీ అదే పేరుతో వందల రికార్డులు. 2003లో ప్యాట్ హచింగ్స్, ఆమె సహరచయిత కలిసి డెవాన్ పురుగుని మళ్లీ తెచ్చి, దానికి కొత్త మూల నమూనా, అంటే ఆ పేరుకి ప్రమాణంగా నిలిచే పురుగుని, నిర్ణయించి, ఆస్ట్రేలియా పురుగు వేరని మార్ఫైసా ముల్లావా అని పేరు పెట్టారు. దవడలూ శూకాలూ మొప్పలూ చూసి చేసిన పని అది. తర్వాత దక్షిణాఫ్రికా పురుగుకీ వేరే పేరు వచ్చింది. నిజంగా చూసినవాళ్లకి కనబడింది. చూడకుండా పేరు రాసినవాళ్లకి కనబడలేదు. దాన్ని కంటి ఓటమి అంటే ఒప్పుకోను.

జన్యువాది: హచింగ్స్ పని మీద నాకున్న గౌరవం నీకు తెలుసు. 2018లో ఆమె, ఎలెనా కుప్రియనోవా కలిసి రాసిన వ్యాసంలో ప్రపంచమంతా ఉన్నాయనుకున్న పాలికీట్లు నిజమా కల్పనా అని అడిగారు. ఆ ప్రశ్న ప్రతి తీరంలోనూ అడగాల్సిందే. అయినా కంటికి ఒక హద్దుంది. ఇసుక రేణువుల సందుల్లో బతికే స్టైగోకాపిటెల్లాని తీసుకో. ఆ ప్రజాతిలో చాలాకాలం దాకా తెలిసిన జాతులు ఒకటి రెండే. 2020లో హోసే సెర్కా, టోర్స్టెన్ స్ట్రుక్ బృందం వేర్వేరు సముద్రతీరాల పురుగుల్ని పోల్చి ఎనిమిది కొత్త జాతుల్ని వర్ణించింది. వాటి శరీర రూపాలు మాత్రం నాలుగే. కొన్ని జాతులు విడిపోయి కోట్ల ఏళ్లయింది, ఒంటి తీరులో మాత్రం మార్పు లేదు. ఇసుక సందుల్లో బతకడానికి ఆ ఒక్క ఆకారమే సరిపోయి ఉండొచ్చు, లేదా మార్పుని అడ్డుకునే కారణం లోపలే ఉండొచ్చు, అది వేరే పరిశోధన. సదర్న్ లాంటివాణ్ణి వందమందిని కూర్చోబెట్టినా వీటిని విడదీయలేరు. వాళ్ల ఓపికలో లోటు లేదు. చూడ్డానికే అక్కడ తేడా లేదు.

క్షేత్రవాది: అయితే నా అసలు ప్రశ్న అక్కడే ఉంది. ఎవ్వరూ చూసి గుర్తుపట్టలేని జాతి ఎవరి కోసం? కాకినాడలోనో, నెల్లూరులోనో ఒక కాలేజీ ప్రయోగశాలలో కూర్చున్న అమ్మాయి ముందు ట్రే నిండా పురుగులుంటాయి. వాటిని వారంలో లెక్కపెట్టి రిపోర్టు ఇవ్వాలి. ఒక్కో పురుగుకీ సీక్వెన్సింగ్ చేయించే డబ్బు, టైము ఆ పిల్లకి ఉండవు. నమూనాలు ఎప్పుడో ఫార్మలిన్‌లో పడ్డాయి. ఫార్మలిన్‌లో పడ్డాక డీఎన్‌ఏ సరిగ్గా తియ్యడం ఎంత కష్టమో మీరే చెబుతారు. ఒకవేళ సీక్వెన్స్ వచ్చిందే అనుకోండి, దేనితో పోలుస్తుంది? అంతర్జాతీయ డేటాబ్యాంకుల్లో కాపిటెల్లా కాపిటాటా పేరుతో ఎక్కడెక్కడి పురుగుల సీక్వెన్సులో ఉన్నాయి. మనం వదిలించుకోవాలనుకున్న పాత పేరు జన్యువుల గదిలోకి కూడా వచ్చి కూర్చుంది. అసలు పురుగు ఏదో తెలియకుండా పోలిక చూస్తే తప్పుకి అంకెల బలం వస్తుంది, అంతే.

ఇంకో మాట. గ్రాసెల్ దంపతులు 1976లో కనుగొన్న ఆరింటిలో మొదటిది ఎన్నో ప్రయోగశాలల్లో పెరిగింది. దాని మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి. చాలావాటిలో 'కాపిటెల్లా, ఒకటో జాతి' అనే. దానికి కాపిటెల్లా టెలేటా అని పేరు పెట్టింది 2009లో. 33 ఏళ్లు! గ్రీన్లాండ్ పురుగుకి జేమ్స్ బ్లేక్ కొత్త మూల నమూనా నిర్ణయించిందీ అదే ఏడాది. అంటే అసలు కాపిటాటా ఏదో నిర్ధారించడానికే రెండు వందల ఏళ్లు దాటింది. వెలికితీసేవాళ్లు పేరు పెట్టే బాధ్యత తీసుకోకపోతే నాలాంటివాళ్లకి మిగిలేది ఏమిటి? పాత పేరు తప్పంటారు. కొత్త పేరు లేదంటారు.

జన్యువాది: ఆ 33 ఏళ్ల మాట న్యాయమైన ఫిర్యాదు. నా దగ్గర సాకు లేదు. వర్గీకరణ చేసేవాళ్లకి ఉద్యోగాలు లేకుండా చేసి, ఆ పని విలువ తగ్గించి, ఇవాళ పేర్లు రావడం లేదని అనుకోవడంలో జన్యుశాస్త్రం వైపు వాళ్ల పాత్ర కూడా ఉంది. కానీ పేరు రాలేదు కాబట్టి జాతి లేదని అనలేవు. బాల్టిక్ సముద్రం సంగతి విను. 1980ల మధ్య నుంచి అక్కడ మారెంజెల్లేరియా అనే ఉత్తర అమెరికా పురుగు కనిపించడం మొదలై, కొన్నేళ్లలో అడుగంతా వ్యాపించింది. మొదట ఒకటే జాతి అనుకున్నారు. జన్యువులు చూస్తే మూడు తేలాయి: విరిడిస్, నెగ్లెక్టా, ఆర్క్టియా. ఇప్పుడు కంటితో విడదీయడానికి కూడా కొన్ని గుర్తులు దొరికాయి, మెడ దగ్గరి ఇంద్రియపు గాడి పొడవు, మొప్పలు ఎంతదాకా ఉన్నాయన్నది. జన్యువులు దారి చూపాకే కన్ను ఎక్కడ చూడాలో తెలుసుకుంది. ఆ మూడూ బురదని తిరగదోడే తీరు ఒకటి కాదు. ప్రాణవాయువు అందక చచ్చిపోతున్న సముద్రపు అడుగులో బురద తిరగడం అంటే ఫాస్ఫరస్ పైకి రావాలా లోపలే ఉండాలా అన్న ప్రశ్న. అది మొత్తం సముద్రపు పాచితో, చేపలతో ముడిపడిన ప్రశ్న. మూడింటినీ ఒకే పేరుతో లెక్కపెడితే ఆ లెక్కలు తారుమారవుతాయి.

ఇంకా లోతుకి పోదాం. హవాయీకీ మెక్సికోకీ మధ్య పసిఫిక్ అడుగున క్లారియన్-క్లిప్పర్టన్ మండలం ఉంది. లోహపు గడ్డల కోసం అక్కడ తవ్వాలని ఎన్నో దేశాలు, కంపెనీలు ఎదురుచూస్తున్నాయి. 2023లో వచ్చిన అంచనా ప్రకారం అక్కడి నుంచి తెలిసిన జంతు జాతులు 5,578, వాటిలో 92 శాతానికి శాస్త్రీయంగా పేరే లేదు. అడుగు బురదలో దొరికే జంతువుల్లో పురుగులదే పెద్ద వాటా. మన దేశానికీ మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల అన్వేషణ హక్కుంది, ఒప్పందం 2002లో కుదిరింది. తవ్వేవాళ్లు అడిగేది ఒకటే: ఇక్కడ పురుగులు పోతే పక్కనుంచి వచ్చి మళ్లీ నిండుతాయి కదా? జవాబు చెప్పాలంటే ఇక్కడి పురుగూ వెయ్యి కిలోమీటర్ల అవతలి పురుగూ ఒకటేనా అన్నది తెలియాలి. ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకటే అనుకుంటే, ఆ చిన్న ప్రాంతంలోనే ఉన్న జాతిని పూర్తిగా తుడిచిపెట్టేసి, ఏమీ పోలేదని రాస్తాం. అక్కడ ఆ పొరపాటుని దిద్దుకునే అవకాశం ఉండదు.

క్షేత్రవాది: లోతు సముద్రం విషయంలో మీతో వాదించను. అక్కడ పాత లెక్కలు లేవు, పాత పేర్లు లేవు, నష్టపోవడానికి నా రిజిస్టరు లేదు. మొదటి అడుగే జన్యువులతో వేయాలి. కానీ మీరు చెప్పిన 92 శాతం నా వాదనకే బలం ఇస్తోంది. పేరు లేని జాతిని ఏ చట్టం కాపాడుతుంది? ఏ రక్షిత జాబితాలో చేరుస్తారు? కోడ్ నంబరుతో ఉన్న పురుగు తరఫున ఎవరు కోర్టుకి వెళ్తారు?

జన్యువాది: ఒడ్డుకి వద్దాం, నీ చట్టం ప్రశ్నకి అక్కడే జవాబుంది. మన రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్యలకి పాలికీట్లు మేపుతారు. వాటిలోని కొవ్వు ఆమ్లాలకి గుడ్లు బాగా పట్టి, పిల్ల బాగా వస్తుందని. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా శాస్త్రవేత్తలు 2005లో చూపించిందేమిటంటే, బయటి బురదలోంచి పట్టిన పాలికీట్లలో తెల్లమచ్చ వైరస్ ఉండొచ్చు, మేతగా వేస్తే తల్లి రొయ్యలకి సోకవచ్చు. వాళ్లు పనిచేసింది నువ్వు చెప్పిన మార్ఫైసా గ్రేవ్లియి మీదే. ఇప్పుడు చెప్పు, ఏ బురద లోంచి ఏ పురుగు తవ్వి అమ్ముతున్నారు? తెచ్చిన పురుగు మన తీరానిదా, బయటి తీరానిదా? తప్పించుకుని మన కయ్యల్లో చేరితే అది కొత్త జాతా, పాతదా? సంచిలో పురుగుల్ని చూసి ఇవి ఫలానా అని చెప్పడం చాలా కష్టం. అధికారి చేతిలో ఒక సీక్వెన్సు ఉంటే చెప్పగలడు.

క్షేత్రవాది: ఆ సీక్వెన్సుకి ఎదురుగా ఒక మూల నమూనా ఉంటేనే చెప్పగలడు. చిలికాకి వెళ్లి, సదర్న్ వర్ణించిన పురుగు దొరికిన నీళ్లలోంచే పురుగు పట్టి, దాని జన్యువు చదివి, ఆ పురుగుని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మ్యూజియంలో పెట్టి, ఇదీ గ్రేవ్లియి అని నిలబెట్టాలి. అప్పుడే తక్కిన సీక్వెన్సులకి కొలబద్ద దొరుకుతుంది. 2002 జీవ వైవిధ్య చట్టం కూడా కొత్తగా కనుగొన్న జాతి నమూనాల్ని నిర్ణీత సంస్థలో ఉంచాలనే చెబుతోంది. కాబట్టి నా షరతు ఇది. ఏ గుప్త జాతినైనా ప్రకటించేటప్పుడు దాని మూల నమూనా, దొరికిన చోటు, రెండు రకాల జన్యువులు, కుదిరితే ఒక్క శరీర లక్షణం, అదీ లేకపోతే జీవిత లక్షణం ఒక్కటి, అన్నీ కలిపి ఇవ్వాలి. అవి లేకుండా 'ఇక్కడ ఐదు జాతులున్నాయి' అని వదిలేస్తే నేను ఒప్పుకోను. మా రికార్డుల్లో మార్పు చేయను.

జన్యువాది: నువ్వు చెప్పినవన్నీ ఉండాలి. అవన్నీ పూర్తయ్యేదాకా తాత్కాలిక జాతిని లెక్కలోకి రానివ్వను అంటే మాత్రం నేను ఒప్పుకోను. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరున్న పాలికీట్లు 11,000కు పైగా. వాటిలో ఎన్నిటి మూల నమూనాలు పోయాయో, ఎన్నిటివి పనికిరాకుండా ఎండిపోయాయో ఆలోచించు. ఒక్కోదానికీ మొదటి తీరానికి వెళ్లి రావాలంటే తరాలు పడుతుంది. ఈలోపు రేవులు తవ్వుతారు, కయ్యలు పూడుస్తారు. తాత్కాలిక సంకేతంతో అయినా సరే ఇవి వేర్వేరు అని రికార్డులో ఉంటే, రేపు పేరు పెట్టినవాడు వెనక్కి వెళ్లి నీ లెక్కల్ని సరిచేయగలడు. అన్నీ ఒకే పేరులో పోసేస్తే మళ్లీ ఎవరూ విడదీయలేరు.

క్షేత్రవాది: కలిపినవి విడదీయలేమన్నది నిజం. అయితే నేను ఒక పని చేస్తాను. ఇకమీదట నా రిపోర్టుల్లో కాపిటెల్లా కాపిటాటా అని రాయను, కాపిటెల్లా జాతి సముదాయం అని రాస్తాను. లెక్క మాత్రం పాత పద్ధతిలోనే ఉంచుతాను. 1983 అంకె పక్కన ఇవాళ్టి అంకె పెట్టి చూడ్డానికి వీలుండాలి. ఈ తీరంలో అంత పాత లెక్క మనకి ఎక్కువ లేదు, దాన్ని తెగ్గొట్టుకోలేను.

జన్యువాది: పక్కపక్కన పెట్టు. రెండూ ఒకే పురుగుని లెక్కపెట్టాయని మాత్రం కింద రాయకు. అది నీకూ తెలియదు, నాకూ తెలియదు. 1983 పురుగులు ఫార్మలిన్‌లో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో కూడా ముందు వెతకాలి.

క్షేత్రవాది: అలాగే రాస్తాను. పేరు ముందా, విడదీయడం ముందా అన్నది మనిద్దరి మధ్యా తేలలేదు, ఇవాళ తేలదు కూడా. కానీ ఈ తీరంలో గ్రాబ్ దించే ప్రతివాళ్లకీ ఇద్దరి తరఫునా ఒక మనవి చేయవచ్చు. బురద జల్లెడ పట్టగానే మొత్తం ఫార్మలిన్‌లో పోసేయకండి. ప్రతి చోటు నుంచీ కొన్ని పురుగుల్ని విడిగా ఆల్కహాల్‌లో వేసి, సీసా మీద తేదీ, చోటు, లోతు, పట్టినవాళ్ల పేరు పెన్సిలుతో రాసి, మీ విభాగంలో తాళం వేసి దాచండి. ఆ ఖర్చు ఒక్క సీసా, కాస్త ఆల్కహాల్.